సైబరాబాద్ గాథ – 12: పైకప్పు వెనక నీళ్లు

గత భాగంలో సైబర్ టవర్స్ ప్రారంభం దాకా వచ్చాం. 1998 నవంబరు 22న ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి ఆ గుండ్రటి భవనాన్ని ప్రారంభించారు. ఆనాటి నుంచి హైటెక్ సిటీ చరిత్ర రాసినవాళ్లు ఎక్కువగా కంపెనీల గురించీ జీతాల గురించీ భూముల ధరల గురించీ రాస్తూ వచ్చారు. ఆ భవనాల పైకప్పుల్లో సాగిన చరిత్రను పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఈ భాగం దాని గురించే.

అంతకు ముందు హైదరాబాద్ ఆఫీసులంటే అబిడ్స్, కోఠి, బషీర్‌బాగ్. చాలావరకు మూడు నాలుగు అంతస్తులు, తెరుచుకునే కిటికీలు, విశాలమైన మెట్లు. మాదాపూర్ గుట్టల మీద లేచిన భవనాల తీరు వేరు. చుట్టూ తెరుచుకోని అద్దాలు, లోపల సెంట్రల్ ఏసీ, ఫాల్స్ సీలింగ్ వెనక కిలోమీటర్ల కొద్దీ కేబుళ్లు, ఒక్కో అంతస్తులో వందలాది మంది, రాత్రి షిఫ్టులు. ఇలాంటి చోట నిప్పు పుడితే పొగకు బయటికి పోయే దారి ఉండదు. బయటి నుంచి ఫైరింజన్ వచ్చేలోగా పొగ మెట్లను ఆక్రమిస్తుంది. అందుకే ఇక్కడ మంటను ఆర్పే పని మొదటి నిమిషాల్లో భవనమే చేసుకోవాలి. ఆ పనికి పెట్టుకున్న ఏర్పాటు స్ప్రింక్లర్.

ఈ ఐటీ కారిడార్‌లో లక్షల మంది రోజూ ఆ చిన్న ఇత్తడి ముక్కల కిందే కూర్చుని పనిచేస్తారు. దాని వెనక నూట యాభై ఏళ్ల చరిత్ర, ఒక కచ్చితమైన గణితం, ఆ గణితాన్ని క్షణాల్లో చేసే సాఫ్ట్‌వేర్ ఉన్నాయి. ఆ సాఫ్ట్‌వేర్‌తో అమెరికా భవనాలకు డిజైన్లు గీసేవాళ్లూ ఇదే కారిడార్‌లో ఉన్నారు.

పియానో ఫ్యాక్టరీలో పుట్టిన పరికరం

పంతొమ్మిదో శతాబ్దపు అమెరికా, ఇంగ్లండు నూలు మిల్లులకు నిప్పే పెద్ద శత్రువు. పత్తి దూది, నూనె పట్టిన చెక్క నేల, గ్యాసు దీపాలు. మొదట్లో కప్పు కింద చిల్లుల గొట్టాలు వేసి, మంట లేస్తే ఎవరో ఒకరు వెళ్లి వాల్వు తిప్పేవారు. దాంతో మంట ఒక మూలన ఉంటే గది మొత్తం తడిసేది. అసలు చోట నీరు చాలేది కాదు. పైగా రాత్రివేళ వాల్వు తిప్పడానికి మనిషి ఉండాలి.

ఆ మనిషి అవసరం లేకుండా చేసినవాడు హెన్రీ పార్మలీ. అమెరికాలోని న్యూ హేవెన్‌లో పియానోలు తయారు చేసే ఫ్యాక్టరీ ఆయనది. వేడికి కరిగే సీసపు అతుకుతో మూసిన నీటి మూతను తయారు చేసి 1874లో పేటెంటు పొందాడు, తన ఫ్యాక్టరీలోనే బిగించాడు. వేడి తగిలిన చోట మాత్రమే అతుకు కరుగుతుంది, అక్కడే నీరు పడుతుంది. ఫ్రెడరిక్ గ్రినెల్ దాన్ని మెరుగుపరిచి 1881లో తన నమూనాకు పేటెంటు తీసుకున్నాడు. ఆ హక్కులను ఇంగ్లండుకు తెచ్చింది మాంచెస్టర్‌కు చెందిన మాథర్ అండ్ ప్లాట్ సంస్థ. సీసపు అతుకు స్థానంలో రంగు ద్రవం నింపిన గాజు బల్బు ఇరవయ్యో శతాబ్దంలో వచ్చింది.

ఇవాళ హైటెక్ సిటీ ఆఫీసుల్లో తలెత్తి చూస్తే కనిపించేది ఆ గాజు బల్బే. అది ఎంత వేడికి పగలాలో ద్రవం రంగు చెబుతుంది. నారింజ అయితే 57 డిగ్రీలు, ఎరుపు అయితే 68, పసుపు అయితే 79, ఆకుపచ్చ అయితే 93. ఆఫీసుల్లో ఎక్కువగా కనిపించేది ఎరుపు. క్యాంటీన్ వంటగదిలో మామూలుగానే వేడి ఎక్కువ కాబట్టి అక్కడ ఆకుపచ్చ పెడతారు. సినిమాల్లో ఒక అగ్గిపుల్ల వెలిగించగానే అంతస్తు అంతా వాన కురిసినట్టు చూపిస్తారు. అది నిజం కాదు. ఏ బల్బు వేడెక్కితే ఆ బల్బే పగులుతుంది, ఆ బల్బున్న స్ప్రింక్లర్ హెడ్ నుంచే నీరు వస్తుంది. చాలా మంటలను కొద్దిపాటి హెడ్లే అదుపు చేస్తాయి.

తొమ్మిది పద్ధతులు, ఒక నియమం

పరికరం దొరికింది. దానికి ఎంత లావు గొట్టం వేయాలి, హెడ్‌కూ హెడ్‌కూ మధ్య ఎంత దూరం ఉండాలి అన్న ప్రశ్నలు మిగిలాయి. 1895 నాటికి బోస్టన్ చుట్టూ వంద మైళ్లలోనే తొమ్మిది రకాల పద్ధతులు అమల్లో ఉండేవి. ఒక మిల్లుకు సరిపడే సామాను పక్క మిల్లుకు పనికిరాని పరిస్థితి. బీమా కంపెనీల ప్రతినిధులు, స్ప్రింక్లర్ తయారీదారులు కూర్చుని ఒక ఉమ్మడి నియమావళి రాసుకున్నారు. ఆ కలయిక నుంచే 1896లో అమెరికా జాతీయ అగ్నిరక్షణ సంఘం, అంటే ఎన్ఎఫ్‌పీఏ, పుట్టింది. ఆ నియమావళే నేటి ‘ఎన్ఎఫ్‌పీఏ 13’. ఇంగ్లండులో అంతకు పదేళ్ల ముందే, 1885లో, మాంచెస్టర్ బీమా సంస్థకు చెందిన జాన్ వర్మల్డ్ ఇలాంటి నియమాలు రాశాడు. 1888లో అక్కడి ఫైర్ ఆఫీసెస్ కమిటీ తన నియమాలను విడుదల చేసింది.

రెండు దేశాల్లోనూ కలం పట్టింది బీమా వాళ్లే. మిల్లు కాలితే డబ్బు చెల్లించాల్సింది వాళ్లు కాబట్టి, మంట గురించి అందరికంటే ముందు వాళ్లే లెక్కలు వేశారు.

మన దేశంలోనూ అదే జరిగింది. 1968లో బీమా చట్టానికి చేసిన సవరణతో టారిఫ్ అడ్వైజరీ కమిటీ (టాక్) ఏర్పడింది. స్ప్రింక్లర్ ఎలా వేయాలో నియమాలు పెట్టి, వాటిని పాటించిన భవనానికి ప్రీమియంలో తగ్గింపు ఇచ్చేది. వెనుకటి తరం ఫైర్ ఇంజినీర్లు ఇప్పటికీ ‘టాక్ నియమాలు’ అనే అంటారు. 2007 జనవరి నుంచి అగ్ని బీమా ధరలపై ఆ కమిటీ అదుపు పోయింది. అప్పటికే భారతీయ ప్రమాణాల సంస్థ 2002లో స్ప్రింక్లర్ల కోసం ‘ఐఎస్ 15105’ తెచ్చింది. భవనాలకు సంబంధించి 1970లో తొలిసారి వచ్చిన నేషనల్ బిల్డింగ్ కోడ్ 1983, 2005, 2016ల్లో సవరణలు పొందింది. దాని నాలుగో భాగం పూర్తిగా అగ్నిరక్షణే.

గొట్టంలో గణితం

పాత రోజుల్లో డిజైన్ అంటే పట్టిక చూడటమే. అంగుళం గొట్టం మీద రెండు హెడ్లు, అంగుళంపావు మీద మూడు, అంగుళన్నర మీద అయిదు, రెండంగుళాల మీద పది. పట్టిక చూసి గొట్టం ఎంచుకుంటే పని అయిపోయేది. తేలికే కానీ, చాలాచోట్ల అవసరానికి మించి ఇనుము ఖర్చయ్యేది, కొన్నిచోట్ల నీరు చాలేది కాదు.

దాని స్థానంలో వచ్చినదే హైడ్రాలిక్ లెక్క. అది కష్టమైనదేమీ కాదు, ఓపిక కావాలి. ఒక హెడ్ నుంచి నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తాయో తెలుసుకోవాలంటే అక్కడి పీడనానికి వర్గమూలం తీసి, ఆ హెడ్‌కు తయారీదారు ఇచ్చిన ‘కె’ అనే అంకెతో గుణించాలి. మామూలు హెడ్ కె విలువ 80.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక్కో హెడ్ 12 చదరపు మీటర్లను కాపాడాలి, చదరపు మీటరుకు నిమిషానికి 5 లీటర్లు పడాలి అనుకుందాం. అంటే హెడ్‌కు 60 లీటర్లు. 60ని 80తో భాగించి వర్గం చేస్తే దాదాపు 0.56 బార్. వరుస చివరన ఉన్న హెడ్ దగ్గర కనీసం అంత పీడనం మిగలాలి. ఇక అక్కడి నుంచి పంపు వైపు వెనక్కి నడవాలి. నీరు గొట్టంలో వచ్చేటప్పుడు రాపిడి వల్ల కొంత పీడనం పోతుంది. దాన్ని చెప్పే సూత్రం అలెన్ హేజెన్, గార్డ్‌నర్ విలియమ్స్ అనే ఇద్దరు ఇంజినీర్లది. వాళ్ల పట్టికలు 1905లో అచ్చయ్యాయి. మూడున్నర మీటర్ల 25 మి.మీ. పైపులో 60 లీటర్లు పారితే సుమారు 0.06 బార్ పోతుంది. కాబట్టి రెండో హెడ్ దగ్గర 0.62 బార్ ఉండాలి. అంత పీడనం ఉంటే ఆ హెడ్ 60తో ఆగదు, 63 లీటర్లు పోస్తుంది. రెండూ కలిసి 123 లీటర్లు. అంత నీరు మళ్లీ 25 మి.మీ. పైపులోనే రావాలంటే తర్వాతి మూడున్నర మీటర్లలో 0.22 బార్ పైగా పోతుంది, మూడో హెడ్ 74 లీటర్లు తీసుకుంటుంది. ఆ ఒక్క ముక్కను 32 మి.మీ. పైపుగా మారిస్తే మూడో హెడ్ వాడకం 66కు దిగుతుంది.

ఇలా వంద హెడ్లు, వంపులు, టీలు, వాల్వులు, నీటిని పైకి మోసే నిలువు గొట్టం అంటే రైజర్, చివరికి పంపు. ప్రతి పది మీటర్ల ఎత్తుకూ దాదాపు ఒక బార్ అదనం. ఎక్కడ ఒక పైపు సైజు మార్చినా మొత్తం మళ్లీ లెక్కించాలి. గొట్టాలను చెట్టు కొమ్మల్లా కాక గళ్లుగా కలిపితే ఇంకో చిక్కు వస్తుంది. నీరు ఏ దారిన ఎంత పోతుందో ముందుగా తెలియదు. దీనికి దారి చూపింది హార్డీ క్రాస్. మన సివిల్ ఇంజినీరింగ్ విద్యార్థులకు ఆయన పేరు బీముల, ఫ్రేముల లెక్కల్లో మొదట పరిచయమవుతుంది. 1936లో ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయం నుంచి వెలువరించిన పత్రంలో నీటి గొట్టాల వలలకు ఒక పద్ధతి ఇచ్చాడు. ముందు ఒక అంచనా వేసుకో, ఒక్కో గడి చుట్టూ తిరిగి ఎంత తేడా వస్తోందో చూడు, ఆ మేరకు సవరించు, తేడా పోయేదాకా మళ్లీ మళ్లీ చెయ్యి. చేత్తో చేస్తే రోజులు పట్టే పని. కంప్యూటర్ కోసమే పుట్టినట్టున్న పని.

తెర మీదికి వచ్చిన పైపులు

1970ల నుంచి స్ప్రింక్లర్ లెక్కలు కంప్యూటర్ మీదికి ఎక్కడం మొదలైంది. 1982లో ఆటోక్యాడ్ రావడంతో బొమ్మ గీయడమూ తెర మీదికి వచ్చింది. కొంతకాలం బొమ్మ ఒకచోట, లెక్క ఇంకోచోట నడిచాయి. డ్రాఫ్ట్స్‌మన్ గీసిన పైపుల పొడవులను ఇంజినీరు చూసుకుంటూ లెక్కల ప్రోగ్రాములో టైపు చేసేవాడు. తర్వాత రెండూ కలిశాయి. నేడు ఈ వృత్తిలో వినిపించే పేర్లు ఆటోస్ప్రింక్, హైడ్రాక్యాడ్, స్ప్రింక్‌క్యాడ్, లెక్కలకు ఎలైట్ ఫైర్, హాస్, పైప్‌నెట్. వీటితోపాటు ఆటోడెస్క్ 2002లో కొనుక్కున్న రెవిట్. ఇందులో గీసింది గీత కాదు, పైపే. దానికి వ్యాసం, లోహం, ఎత్తు అన్నీ ఉంటాయి. ఏసీ డక్టు, కేబుల్ ట్రే, స్ప్రింక్లర్ పైపు ఒకే చోటికి వచ్చి ఢీకొంటే సాఫ్ట్‌వేరే చూపిస్తుంది. రెండడుగుల సీలింగ్ సందులో ఇవన్నీ ఇమడాల్సిన ఆఫీసు భవనాలకు అది ఎంతో మేలు చేసింది.

హైదరాబాద్ ఈ కథలోకి వచ్చేది ఇక్కడే. మన నగరంలో సాఫ్ట్‌వేర్ అంటే బ్యాంకుల కోడింగ్ ఒక్కటే కాదు. ఇంజినీరింగ్ బొమ్మల పని మొదటి నుంచీ దాని పక్కనే పెరిగింది. బి.వి.ఆర్. మోహన్‌రెడ్డి 1991లో ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్‌ను స్థాపించారు. అదే ఇవాళ్టి సైయెంట్. పైపింగ్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌కు పేరున్న ఇంటర్‌గ్రాఫ్ హైదరాబాద్‌లో పెద్ద అభివృద్ధి కేంద్రం నడిపింది. 2010లో ఆ సంస్థను స్వీడన్‌కు చెందిన హెక్సగాన్ కొన్నది. వీటి నీడలోనే మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వీధుల్లో భవనాల ఏసీ, కరెంటు, పైపుల డిజైన్లు (ఎంఈపీ), కంప్యూటర్‌లో భవన నమూనాలు (బిమ్) చేసే చిన్నచిన్న ఆఫీసులు వెలిశాయి. పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసినవాళ్లూ, మెకానికల్ బీటెక్ చేసినవాళ్లూ అక్కడ కూర్చుని టెక్సస్ గోదాముకో, న్యూజెర్సీ ఆసుపత్రికో స్ప్రింక్లర్ షాప్ డ్రాయింగులు తయారు చేస్తారు. అక్కడ తెల్లారేలోగా ఇక్కడ బొమ్మ సిద్ధం. సంతకం మాత్రం అక్కడి లైసెన్సు ఉన్న ఇంజినీరుదో, అక్కడి ధ్రువపత్రం పొందిన డిజైనరుదో.

ఈ కుర్రవాళ్ల పనితనం మీద నాకు గౌరవం ఉంది. వేల మైళ్ల దూరంలో, ఎన్నడూ చూడని భవనంలో పనిచేసేవాళ్ల ప్రాణాలకు వీళ్లు లెక్క కడుతున్నారు. అదే శ్రద్ధ మన భవనాలకూ పూర్తిగా దక్కాలన్నదే ఈ వ్యాసం చెప్పదలచిన మాట.

సాఫ్ట్‌వేర్ అడిగే మొదటి ప్రశ్న

ఏ స్ప్రింక్లర్ సాఫ్ట్‌వేర్ అయినా చివరికి ఒకటి అడుగుతుంది. నీరు ఎక్కడి నుంచి వస్తోంది, ఎంత పీడనంతో వస్తోంది?

అమెరికా నగరంలో దీనికి జవాబు చాలా సందర్భాల్లో వీధి గొట్టం. అక్కడ మునిసిపల్ పైపులో రాత్రింబవళ్లు పీడనం ఉంటుంది. దగ్గరి హైడ్రెంటు తెరిచి, నీరు పారకముందు పీడనం ఎంత, పారుతున్నప్పుడు ఎంత, నిమిషానికి ఎంత నీరు అని మూడు అంకెలు కొలుస్తారు. అవి సాఫ్ట్‌వేర్‌లో వేస్తే చాలు.

హైదరాబాద్‌లో ఆ మూడు అంకెలు దొరకవు. 1998లో సైబర్ టవర్స్ తెరిచే నాటికి నగరం ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్, మంజీర, సింగూరు నీళ్ల మీద నడుస్తోంది. కృష్ణా నీరు 2004లో, గోదావరి నీరు 2015లో వచ్చాయి. అయినా కుళాయి నీరు వేళపట్టునే వస్తుంది. వీధి గొట్టాన్ని నమ్మి ప్రాణరక్షణ ఏర్పాటు చేయలేం. అందుకని మన భవనం తన మంటకు తానే నీళ్లు దాచుకుంటుంది. నేల కింద అగ్నిమాపక అవసరానికి మాత్రమే కేటాయించిన సంపు, ఎత్తునూ వాడకాన్నీ బట్టి వేల నుంచి లక్షల లీటర్ల దాకా. మేడ మీద ఇంకో ట్యాంకు. బేస్‌మెంట్ పంపు గదిలో కరెంటు పంపు, కరెంటు పోతే డీజిల్ పంపు, గొట్టంలో పీడనం కాస్త తగ్గినప్పుడల్లా సరిచేసే చిన్న జాకీ పంపు.

టెక్సస్ భవనానికి వీధి హైడ్రెంటు అంకెలు టైపు చేసే డిజైనర్, మాదాపూర్ భవనానికి వచ్చేసరికి పంపు తయారీదారు ఇచ్చిన వక్రరేఖను టైపు చేస్తాడు. ఈ తేడా చిన్నది కాదు. అక్కడ నీటికి పూచీ నగరానిది. ఇక్కడ భవన యజమానిది. సంపు నిండుగా ఉందా, డీజిల్ ఉందా, బ్యాటరీ చార్జి అయిందా, పంపు ‘ఆటో’లో ఉందా అన్న ప్రశ్నలకు ఏ సాఫ్ట్‌వేరూ జవాబు చెప్పలేదు. లెక్క కాగితం మీద ఎంత కచ్చితంగా ఉన్నా, పంపు ప్యానెల్ మీద స్విచ్ ‘మాన్యువల్’ వైపు తిప్పి ఉంటే ఆ రాత్రికి ఆ లెక్క చెల్లదు.

చట్టం ఈ బాధ్యతను స్పష్టంగానే చెప్పింది. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక సేవల చట్టం వచ్చింది. 18 మీటర్లు దాటిన నివాస భవనాలకూ, 15 మీటర్లు దాటిన వాణిజ్య భవనాలకూ, జనం గుమికూడే పెద్ద కట్టడాలకూ అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) తప్పనిసరి అయింది. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ అదే చట్టాన్ని అన్వయించుకుంది. ఎన్‌ఓసీ అన్న మూడక్షరాలు బిల్డర్ల నోట నిత్యం వినిపించడం ఆ చట్టంతోనే మొదలైంది.

ఎత్తు తెచ్చిన చిక్కు

2006 మార్చిలో ప్రభుత్వం జీవో 86 ద్వారా హైదరాబాద్‌కు కొత్త భవన నియమాలు తెచ్చింది. స్థలంలో ఇంతే నిర్మించాలన్న ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి పోయింది. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ సరిపోతే ఎంత ఎత్తయినా కట్టవచ్చు. 2012లో వచ్చిన జీవో 168 కూడా ఆ దారినే సాగింది. ఫలితం ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, నానక్‌రామ్‌గూడ, కోకాపేటల ఆకాశరేఖలో కనిపిస్తోంది. కోకాపేటలో 50 అంతస్తులు దాటిన నివాస భవనాలు లేచాయి.

ఎత్తు పెరిగితే స్ప్రింక్లర్ లెక్క స్వభావమే మారుతుంది. మామూలు హెడ్లు, ఫిట్టింగులు దాదాపు 12 బార్ పీడనం దాకా తట్టుకునేలా తయారవుతాయి. పది మీటర్లకు ఒక బార్ చొప్పున, వంద మీటర్ల భవనానికి నీటి బరువే దాదాపు పది బార్లు. పైన చివరి హెడ్‌కు కావాల్సిన పీడనం, గొట్టాల రాపిడి కలిపితే కింది అంతస్తుల్లోని సామాను హద్దు దాటుతుంది. అందుకని భవనాన్ని ఎత్తు ప్రకారం జోన్లుగా విడగొట్టి, మధ్యలో ట్యాంకులు, వేర్వేరు పంపులు, పీడనం తగ్గించే వాల్వులు పెడతారు. ఒక్కో వాల్వు ఎంతకు బిగించాలో సాఫ్ట్‌వేర్ చెబుతుంది. ఆ వాల్వు అయిదేళ్ల తర్వాత కూడా అంతే ఉందో లేదో మనిషి వెళ్లి గేజి చూసి చెప్పాలి.

ఆ ఎత్తుల్లో మంటను బయటి నుంచి ఆర్పడం దాదాపు అసాధ్యం. 40వ అంతస్తుకు చేరే నీరు భవనంలోని సొంత రైజర్ మోసే నీరే. ఎత్తైన భవనానికి స్ప్రింక్లర్ ఒక అదనపు సౌకర్యం కాదు. ఆ భవనం నిలబడే హక్కులో అది ఒక భాగం.

అద్దెదారు మారితే

ఐటీ కారిడార్‌లో తరచూ ఎదురయ్యే ఒక సమస్య ఉంది. ఇక్కడ డెవలపర్ భవనం కట్టి, లోపల ఏమీ లేని అంతస్తులను అద్దెకు ఇస్తాడు. అప్పటికి స్లాబు కింద పైకి చూసే హెడ్లు మాత్రమే ఉంటాయి. కంపెనీ వచ్చి లోపలి ఏర్పాట్లు, అంటే ఫిటౌట్, మొదలుపెడుతుంది. ఫాల్స్ సీలింగ్, క్యాబిన్లు, మీటింగ్ రూములు, సర్వర్ రూమ్, ప్యాంట్రీ. హెడ్లు సీలింగ్ కిందికి దిగాలి, కొత్త గోడల మధ్య కొత్త హెడ్లు రావాలి. మూడేళ్లకో అయిదేళ్లకో ఆ కంపెనీ ఖాళీ చేస్తే ఇంకో కంపెనీ వచ్చి అన్నీ కూల్చి మళ్లీ కడుతుంది.

ప్రతిసారీ హైడ్రాలిక్ లెక్క మళ్లీ చేయాలి. హాల్లో 12 చదరపు మీటర్లకు ఒక హెడ్ ఉన్న చోట, పైకప్పు దాకా గోడలు లేపి నాలుగు చిన్న గదులు చేస్తే ఒక్కో గదికీ ఒక హెడ్ కావాలి. రెండు హెడ్లు 1.8 మీటర్ల కంటే దగ్గరగా ఉంటే మొదటిదాని నీరు రెండోదాన్ని చల్లబరిచి, అది పగలకుండా అడ్డుపడుతుంది. హెడ్ కింద దాదాపు అడుగున్నర ఖాళీ లేకుండా ఫైళ్ల ర్యాకులు పేరిస్తే నీటి గొడుగు విచ్చుకోదు. ఇవన్నీ సాఫ్ట్‌వేర్‌కు తెలిసిన విషయాలే. కాని సోమవారానికల్లా ఆఫీసు తెరవాలన్న తొందరలో బొమ్మ ఒకటి, కట్టింది ఒకటి అయిపోయే ప్రమాదం ఉంది. ఆ అంతస్తుకు నీరు పంపే జోన్ వాల్వును ఫిటౌట్ సమయంలో మూసి, తర్వాత తెరవడం మరిచిపోతే, ఆ అంతస్తు పైకప్పులో వందలాది హెడ్లుండి కూడా చుక్క నీరు రాదు.

అందుకే అనుభవమున్న ఫెసిలిటీ మేనేజర్లు ఫిటౌట్ పూర్తయ్యాక కొత్త లెక్క కాగితాలు, కట్టినది కట్టినట్టు చూపే బొమ్మ, పరీక్ష ఫలితం మూడూ చేతికి వచ్చాకే తాళం ఇస్తారు. ఈ అలవాటు కారిడార్ అంతటా నియమం కావాలి.

సికింద్రాబాద్ చెప్పిన పాఠం

హైటెక్ సిటీకి పదిహేను కిలోమీటర్ల దూరంలోని సికింద్రాబాద్‌లోనూ, హైదరాబాద్ పాత ప్రాంతాల్లోనూ గత కొన్నేళ్లలో జరిగిన దుర్ఘటనలను ఈ చరిత్ర పక్కనే ఉంచి చూడాలి. 2022 మార్చి 23న బోయిగూడ తుక్కు గోదాములో బిహార్ నుంచి వచ్చిన 11 మంది కూలీలు చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబరు 12న రూబీ లాడ్జి కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మంట లేచి, పొగ మెట్ల దారిన పైకెక్కి 8 మంది ప్రాణాలు తీసింది. 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు యువతీయువకులు ఊపిరాడక కన్నుమూశారు. ఉద్యోగం కోసం జిల్లాల నుంచి నగరానికి వచ్చినవాళ్లు వాళ్లు. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్టుమెంటు కింద నిలవ చేసిన రసాయనాలు అంటుకుని 9 మంది, 2025 మే 18న చార్మినార్ దగ్గరి గుల్జార్ హౌజ్‌లో పిల్లలతో సహా 17 మంది బలయ్యారు.

ఈ ఘటనల్లో పదేపదే కనిపించేవి రెండు. మంట కింది అంతస్తులో పుట్టడం, పైవాళ్లను పొగ చంపడం. నేషనల్ బిల్డింగ్ కోడ్ 200 చదరపు మీటర్లు దాటిన బేస్‌మెంట్‌కు స్ప్రింక్లర్ కావాలని చెప్పడం వెనక కారణం ఇదే. కింద మంటను మొదటి నిమిషాల్లో అణచగలిగితే మెట్లు మిగులుతాయి, మెట్లు మిగిలితే మనుషులు మిగులుతారు.

ఇప్పుడు ఐటీ కారిడార్ బేస్‌మెంట్లలో మరో మార్పు వస్తోంది. మూడు నాలుగు అంతస్తుల పార్కింగ్, అందులో ఎలక్ట్రిక్ కార్లు, స్కూటర్లు, చార్జింగ్ పాయింట్లు. ఇవాళ్టి కార్లలో ప్లాస్టిక్ కూడా ఎక్కువే. దీన్ని గమనించి ‘ఎన్ఎఫ్‌పీఏ 13’ తన 2022 సంచికలో పార్కింగ్ గ్యారేజీలను ఒక మెట్టు పైనున్న ప్రమాద వర్గంలోకి మార్చింది. అంటే అదే స్థలానికి మరింత నీరు. పాత లెక్కతో కట్టిన మన బేస్‌మెంట్లను కొత్త లెక్కతో మరోసారి చూడాల్సిన సమయం ఇది. సాఫ్ట్‌వేర్ ఉంది, వాడే నేర్పు ఇదే కారిడార్‌లో ఉంది. నిర్ణయం తీసుకోవాల్సింది యజమానులు.

చరిత్ర ఇచ్చే తీర్పు

నూట యాభై ఏళ్ల ఈ ప్రయాణంలో గణితం గెలిచింది. పార్మలీకి తోచని లెక్కలు, హార్డీ క్రాస్‌కు రోజులు పట్టే లెక్కలు మాదాపూర్‌లో ఒక డిప్లొమా కుర్రవాడు టీ చల్లారేలోగా చేస్తున్నాడు. మిగిలిన లోపం లెక్కలో లేదు. నిండని సంపులో, మూసిన వాల్వులో, రంగు పూసేసిన హెడ్‌లో, పరీక్షించని డీజిల్ పంపులో ఉంది. వీటిలో ఒక్కటి సరిచేయడానికి కూడా కొత్త పరిశోధన అక్కర్లేదు.

ఈ వ్యాసం చదువుతున్నవారిలో చాలామంది అదే కారిడార్‌లో పనిచేస్తుంటారు. రేపు ఆఫీసుకు వెళ్లాక మీ సీటు మీది హెడ్ చూడండి. దాని మీద రంగు గానీ టేపు గానీ ఉంటే ఫెసిలిటీస్ వాళ్లకు ఒక మెయిలు రాయండి. చివరిసారి ఫైర్ పంపు ఎప్పుడు నడిపి చూశారో, మీ అంతస్తు జోన్ వాల్వు తెరిచే ఉందో లేదో అడగండి. బేస్‌మెంట్ పార్కింగ్‌కు ఏ సంవత్సరపు లెక్క అమల్లో ఉందో అడగండి. ఇవి అడిగే హక్కు ఆ పైకప్పు కింద పనిచేసే ప్రతి ఒక్కరికీ ఉంది. జవాబు రాకపోతే మళ్లీ అడగండి.

(సశేషం)